పోటీలు చాలు, వారానికో గంట ఇప్పించండి: బాలల సంక్షేమ సమితులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని జిల్లా బాలల సంక్షేమ సమితుల చైర్‌పర్సన్లకు, సభ్యులకు, జిల్లా బాలల సంరక్షణ విభాగాల అధికారులకు,

నమస్కారం.

నవంబరు 14 దగ్గరపడగానే బాలసదనాల్లో, హోమ్‌లలో డ్రాయింగ్ పోటీల హడావిడి మొదలవుతుంది. టాపిక్ ఎవరు పెడతారో గానీ, చాలాసార్లు అది 'నా కుటుంబం' అవుతుంది, లేదంటే 'మా ఇల్లు'. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఒకరి నాన్న జైల్లో ఉంటాడు. ఒకరి అమ్మ చనిపోయి ఏడాది కూడా అయ్యుండదు. ఇంకొకరిని స్టేషన్లో రైల్వే పోలీసులు దించి తీసుకొచ్చి ఉంటారు. అందరూ గంటలో బొమ్మ పూర్తి చేయాలి. తర్వాత ఫస్ట్, సెకండ్, థర్డ్. వచ్చిన అతిథి చేతుల మీదుగా టిఫిన్ బాక్సు, గ్రూప్ ఫొటో. సాయంత్రానికల్లా ఆ ఫొటో పది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది.

నేను డ్రాయింగ్ టీచర్ని. అలాంటి పోటీలకు జడ్జిగా నన్నూ పిలుస్తుంటారు. బడి లేని రోజుల్లో, సంరక్షణలో ఉన్న పిల్లలతో కూర్చుని బొమ్మలు వేయించడం కొన్నేళ్ళుగా చేస్తున్నాను. వాళ్ళలో బాలసదనాల్లో ఉన్నవాళ్ళూ ఉన్నారు, ఫోస్టర్ కేర్ కింద, అంటే దత్తత కాకుండా కొంతకాలం పెంచడానికి, వేరే ఇళ్ళకు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేశాను, సైకాలజిస్టుని మాత్రం కాను. మీ నుంచి నేను కోరేది చిన్న విషయం. మీరు ఫోస్టర్ కేర్‌కి పంపే ప్రతి బిడ్డకూ వారానికి ఒక గంట బొమ్మల సమయం ఇప్పించండి. ప్రతి వారం అదే మనిషి రావాలి. మార్కులు, ప్రైజులు, ఫొటోలు ఉండకూడదు. ఆ మాట మీ ఉత్తర్వులోనే రాయండి.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 44లో ఫోస్టర్ కేర్ ఉంది, 2016లో కేంద్రం నమూనా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అయినా మన జనానికి దత్తత తెలిసినంతగా ఇది తెలియదు. 2024లో ఆ మార్గదర్శకాలు మారాయి. అంతకుముందు దంపతులకే అవకాశం ఉండేది. ఇప్పుడు 35 ఏళ్ళు దాటిన ఒంటరివాళ్ళు, భర్తో భార్యో పోయినవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు కూడా ముందుకు రావచ్చు. పెంచిన కుటుంబమే ఆ బిడ్డను దత్తత తీసుకోవాలనుకుంటే ఆగాల్సిన కాలం ఐదేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. హోమ్ గోడల మధ్య కంటే ఒక ఇంట్లో పెరగడం మంచిదని నేనూ నమ్ముతాను, ఇలా ఇళ్ళకు వెళ్ళే పిల్లల సంఖ్య పెరగాలనే కోరుకుంటాను.

అయితే ఇలా వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఆరేళ్ళు దాటినవాళ్ళు. అంటే అన్నీ గుర్తున్నవాళ్ళు. అమ్మ ఏ చీర కట్టుకునేదో, నాన్న తాగొచ్చిన రాత్రి తలుపు ఎలా చప్పుడయ్యేదో, తమ్ముణ్ణి ఏ హోమ్‌కి పంపారో తెలిసినవాళ్ళు. కొత్త ఇంట్లో వాళ్ళకు మంచం ఉంటుంది, పుస్తకాలు ఉంటాయి, వేళకు అన్నం ఉంటుంది. మూడో వారానికి ఫోస్టర్ అమ్మ నుంచి ఫోన్ వస్తుంది. "బాగానే తింటున్నాడండీ, బడికీ వెళ్తున్నాడు. కానీ ఒక్క మాట మాట్లాడడు" అంటారు ఒకరు. "దిండు కింద చపాతీలు దాచుకుంటోంది, అడిగితే నేను కాదంటుంది" అంటారు ఇంకొకరు. తిట్టాలా ఊరుకోవాలా తెలియక టెన్షన్ పడే ఆ తల్లుల తప్పు ఏమీ లేదు. వాళ్ళకు చట్టం మీద, రికార్డుల మీద ఓరియెంటేషన్ ఇచ్చాం. దాచుకున్న చపాతీ చూసినప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

మీ ముందు బెంచి మీద కూర్చునేసరికి ఆ బిడ్డ తన కథ ఎంతమందికి చెప్పి ఉంటుందో ఒకసారి ఆలోచించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే వచ్చినవాళ్ళు అడిగారు. పోలీసులు, డాక్టరు, సోషల్ వర్కరు అడిగారు. మీరు అడిగారు. హోమ్ సూపరింటెండెంట్ అడిగారు. రేపు ఫోస్టర్ ఇంటికొచ్చే చుట్టాలు కూడా "ఏమ్మా, మీ వాళ్ళేమయ్యారు?" అని అడగకుండా ఉండరు. పదిసార్లు చెప్పాక ఆ కథ ఎక్కం అప్పజెప్పినట్టు వస్తుంది, లేకపోతే అసలు రావడం మానేస్తుంది. బొమ్మ వేసేటప్పుడు ఈ బలవంతం ఉండదు. ఇద్దరూ కాగితం వైపు చూస్తుంటారు కాబట్టి ఎదుటి మనిషి కళ్ళలోకి చూడనక్కర్లేదు. చేతికి పని ఉంటుంది. చెప్పాలనిపిస్తే చెప్తారు, లేకపోతే ఆకాశానికి నీలం పూస్తూ కూర్చుంటారు.

భాష సంగతి కూడా మీకు తెలిసిందే. విజయవాడ, సికింద్రాబాద్ స్టేషన్లలో దొరికే పిల్లలు దేశంలో ఏ మూల నుంచైనా వచ్చి ఉండొచ్చు. తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. కోయ, లంబాడీ మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చిన బిడ్డ తెలుగు పుస్తకం చదవగలిగినా, ఏడుపొచ్చే విషయం తెలుగులో చెప్పలేకపోవచ్చు. అలాంటి పిల్లలతో మొదటి నెల నేను దాదాపు మాటల్లేకుండానే గడుపుతాను.

దీన్ని కొత్త ఫ్యాషన్ అనుకునేవాళ్ళ కోసం కొంచెం చరిత్ర. 1942లో ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు తాను క్షయతో శానిటోరియంలో ఉన్నప్పటి అనుభవం నుంచి ఈ పనికి 'ఆర్ట్ థెరపీ' అని పేరు పెట్టాడు. నాకు ఆయన కంటే ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ ఎక్కువ గుర్తుకొస్తారు. నాజీలు యూదులను బంధించిన తెరెజిన్ ఘెట్టోలో, అమ్మానాన్నల నుంచి వేరుచేసి పెట్టిన పిల్లలకు ఆమె దొంగచాటుగా దొరికిన కాగితాల మీద బొమ్మలు నేర్పారు. ప్రతి బొమ్మ మీద వేసిన బిడ్డ పేరు ఉండాలని పట్టుబట్టేవారు. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కి తరలించి చంపారు. వెళ్ళేముందు దాచిన రెండు సూట్‌కేసుల్లో సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి. వాటిని వేసిన పిల్లల్లో చాలామంది మిగల్లేదు. ఆమె పాత శిష్యురాలు ఈడిత్ క్రేమర్ 1938లోనే అమెరికా వెళ్ళి, కష్టాల్లో ఉన్న పిల్లలతో ఈ పనిని ఒక వృత్తిగా నిలబెట్టారు. ఆ కాగితాల మీద పేర్లు ఉండటం గురించే నేను తరచూ ఆలోచిస్తుంటాను. తన ఇల్లు, బడి, బట్టలు అన్నీ ఇంకెవరో నిర్ణయించే చోట, ఆ కాగితం మాత్రం బిడ్డదే.

ఇక ఆ గంటలో ఏం జరుగుతుందో చెప్పాలి. ఆర్ట్ థెరపీ అంటే చాలామందికి పెద్ద గది, రంగుల గోడలు, ఖరీదైన సామాను కళ్ళముందు మెదులుతాయి. ఒక చాప, కొంచెం వెలుతురు, మధ్యలో ఎవరూ తలుపు తీసుకుని రాకపోవడం ఉంటే చాలు. మూడోది దొరకడమే కష్టం.

మొదటి వారాల్లో పెయింట్ బయటకు తీయను. పెన్సిలు, క్రేయాన్లు, స్కెచ్ పెన్నులే ఇస్తాను. గట్టిగా ఉండే సామాను చేతి మాట వింటుంది, గీత ఎక్కడ పెట్టాలనుకుంటే అక్కడే ఉంటుంది. నీళ్ళ రంగు అలా కాదు, కారుతుంది, కలిసిపోతుంది, పాడైపోయిందనిపిస్తుంది. లోపల ఇప్పటికే అన్నీ అదుపు తప్పి ఉన్న బిడ్డకు అది భయం పుట్టించొచ్చు. మనిషి మీద కాస్త నమ్మకం కుదిరాక, నెమ్మదిగా బ్రష్షు. మంచి ఉద్దేశంతో వచ్చే వాలంటీర్లు మొదటిరోజే రంగు డబ్బాలు తెరిచి, అరచేతులు ముంచి గోడకు అచ్చులు వేయిస్తారు. ఫొటోకి బాగుంటుంది. ఆ రాత్రి పక్క తడిపిన పిల్లలను చూసుకోవాల్సింది ఆయాలు.

"నాకు బొమ్మలు రావు టీచర్" అని మొండికేసేవాళ్ళకు పాత క్యాలెండర్లు, వారపత్రికలు, పెళ్ళి శుభలేఖలు, ఒక కత్తెర, అన్నం మెతుకులో మైదా జిగురో ఇస్తాను. శుభలేఖలు పిల్లలకు ఎంత ఇష్టమో నేను ఊహించలేదు. బంగారు రంగు అంచులు, వినాయకుడు, అరటి చెట్లు, మందపాటి కాగితం. ఒక పాప చాలాసేపు బొమ్మలేవీ ముట్టుకోకుండా అక్షరాలు మాత్రమే కత్తిరించింది. (ఈ లేఖలో పిల్లల వివరాలు గుర్తుపట్టకుండా మార్చి రాస్తున్నాను.) చివరికి కాగితం మీద వాటిని అంటిస్తే అది వాళ్ళమ్మ పేరు. ఫైల్లో ఆ పేరు తప్పుగా పడి ఉంది. ఎవరూ ఆ పాపను అడగలేదు కాబట్టి ఎవరూ దిద్దలేదు.

చుక్కల ముగ్గు నేను ఎక్కువగా వాడే పని. మగపిల్లలు మొదట సిగ్గుపడతారు, తర్వాత వాళ్ళే ముందుంటారు. గచ్చు మీద సుద్దముక్కతో అయిదు చుక్కల నుంచి మొదలుపెట్టి, తర్వాత చుక్కలను ఎలా కలపాలో వాళ్ళ ఇష్టానికి వదిలేస్తాను. తప్పుపోతే కాలితో చెరిపేసి మళ్ళీ వేయొచ్చు. కాగితం పాడుచేస్తే కొడతారని భయపడే పిల్లలకు ఈ చెరిపే వీలు చాలా అవసరం. చుక్కలు లెక్కతో ఉంటాయి, గీత ఎక్కడ మొదలైందో అక్కడికి వచ్చి కలుస్తుంది. కుదురుగా కూర్చోలేని పిల్లలు ముగ్గు దగ్గర కూర్చుంటారు.

మట్టి గురించి కూడా చెప్పాలి. వినాయక చవితి ముందు కుమ్మరి దగ్గర అడిగితే గంపెడు ఇస్తారు, డబ్బు తీసుకోరు. మట్టిని గుద్దొచ్చు, పిసకొచ్చు, చేసిన మనిషి బొమ్మ తల తుంచేయొచ్చు, మళ్ళీ ముద్ద చేసి కొత్తది చేయొచ్చు. కోపం ఎవరికీ దెబ్బ తగలకుండా బయటకు పోతుంది. "తల ఎందుకు తుంచావు?" అని మాత్రం అడగకండి.

కొత్త ఇంటికి వెళ్ళిన మొదటి నెలలో నేను తప్పకుండా వేయించేది ఇంటి పటం. పైనుంచి చూసినట్టు గదులు గీసి, ఎవరు ఎక్కడ పడుకుంటారు, నీ సామాను ఎక్కడ పెట్టుకుంటావు, నీకు నచ్చిన చోటు ఏది, నచ్చని చోటు ఏది అని గుర్తులు పెట్టమంటాను. ఒక బాబు తన పటంలో పెరట్లో ఉన్న బాత్రూమును ఇంటికంటే దూరంగా, కాగితం చివర ఎక్కడో గీశాడు. ఇంటికీ దానికీ మధ్య అంతా నల్లగా రుద్దేశాడు. అర్థం వెతకాల్సిన పని లేకుండా వాడే చెప్పాడు, రాత్రి అక్కడికి వెళ్ళాలంటే భయమని. ఆ అబ్బాయి పక్క తడుపుతున్నాడని అప్పటిదాకా ఫోస్టర్ అమ్మ బాధపడుతోంది, డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళింది. వాడి అనుమతితో ఆమెకు పటం చూపించాం. మర్నాడు పెరట్లో బల్బు పెట్టించింది. అన్ని సమస్యలూ బల్బుతో పోవు, నాకు తెలుసు. కానీ ఇలాంటివి ఎన్ని ఉంటాయో మనకు తెలియడం లేదు.

అన్నిటికంటే కష్టమైంది రెండు ఇళ్ళ బొమ్మ. ఒకే చార్టు మీద పాత ఇల్లు, కొత్త ఇల్లు వేసి, మధ్యలో ఏం కావాలంటే అది వేసుకోమంటాను. కొందరు వంతెన వేస్తారు, కొందరు గోడ. ఒకమ్మాయి బస్సు వేసి, అందులో కిటికీ పక్కన తను కూర్చుంది. ఫోస్టర్ అమ్మలకు ఇది చూస్తే మనసు చివుక్కుమంటుంది. "నేనింత చేస్తుంటే ఇంకా ఆమెనే వేస్తుందా, తాగి కొట్టిన మనిషిని?" అని ఒకావిడ నా ముందే ఏడ్చింది. ఆమె బాధ నిజమైనదే. కానీ కన్నతల్లిని తలుచుకోవడం పెంచే తల్లికి చేసే ద్రోహమని బిడ్డ అనుకున్న రోజు, ఆ తలపును దాచేస్తుంది. దానితోపాటు ఇంకా చాలా దాస్తుంది. ఆ బొమ్మ చూసి "మీ అమ్మ జడ బాగా వేసేదా?" అని అడగగలిగిన ఫోస్టర్ తల్లికి బిడ్డ దగ్గరవడం నేను చూశాను. అందుకే నెలకు ఒక గంట తల్లిని కూడా కూర్చోబెడతాను. ఇద్దరికీ ఒకటే చార్టు, చెరో రంగు, మాట్లాడకూడదు. ఎవరి గీత ఎవరి గీతను దాటుతుంది, ఎవరు దారి ఇస్తారు, ఎవరు ముందు నవ్వుతారు అన్నది చూస్తూ ఉండటమే నా పని.

ఇవన్నీ చేరేది ఒక పుస్తకంలోకి. 'నా పుస్తకం' అంటాం. మామూలు ఇళ్ళలో పిల్లలకు బారసాల ఫొటో ఉంటుంది, బోసినవ్వు ఫొటో ఉంటుంది, అన్నప్రాశన రోజు ఏం పట్టుకున్నావో చెప్పే నాయనమ్మ ఉంటుంది. వీళ్ళలో చాలామంది దగ్గర పదేళ్ళ వయసు ముందు ఫొటో ఒక్కటి కూడా ఉండదు. ఉంటే ఫైలుకు పిన్ కొట్టిన పాస్‌పోర్ట్ సైజుది. అందుకని లేని ఫొటోలను గీసుకుంటాం. నేను పుట్టిన ఊరు, నాకు గుర్తున్న మొదటి ఇల్లు, నేను చదివిన బళ్ళు, నన్ను ఎత్తుకున్న మనుషులు, నాకు నచ్చిన టిఫిన్, హోమ్‌లో నా పక్క మంచం స్నేహితురాలు. తెలియని పేజీ ఉంటే ఖాళీగానే ఉంచుతాం. అబద్ధంతో నింపం. ఆ ఖాళీలు కొన్నిసార్లు మీరు నింపగలరు. మీ సామాజిక విచారణ నివేదికల్లో ఊరి పేరు, అమ్మమ్మ పేరు, తోబుట్టువుల వయసు ఉంటాయి. బిడ్డకు చెప్పదగినవి చెప్పే ఏర్పాటు చేయండి. తన గురించి ఫైలుకు తెలిసింది తనకు తెలియకపోవడం అన్యాయం.

ఇప్పుడు చట్టం సంగతి. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 53లో సంస్థలు ఇవ్వాల్సిన సేవల జాబితా ఉంది. అందులో మానసిక ఆరోగ్య సేవలు, కౌన్సెలింగ్ ఒక చోట ఉంటాయి. ఆటలు, సాంస్కృతిక కార్యక్రమాలతో కూడిన వినోదం ఇంకో చోట ఉంటుంది. మన ఆఫీసుల్లో బొమ్మలు వేయడాన్ని ఎప్పుడూ రెండో దాని కింద రాస్తారు, అందుకే అది పండగ రోజు కార్యక్రమంగా మిగిలిపోయింది. మొదటి దాని కింద రాయండి. ఫారం 7, అంటే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో, భావోద్వేగ అవసరాల దగ్గర 'కౌన్సెలింగ్ ఇవ్వబడును' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, ఎవరు, ఏ రోజు, ఎక్కడ అని నింపించండి. ఫోస్టర్ కుటుంబాలను నెలనెలా తనిఖీ చేయమని సెక్షన్ 44 మీకు బాధ్యత పెట్టింది. అప్పుడు ఆ గంట జరుగుతోందా అని కూడా అడగండి. 1992లో మన దేశం చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 13వ అధికరణ బిడ్డ తన భావాలు చెప్పుకునే మార్గాల్లో మాట, రాతతో పాటు కళనూ పేరుపెట్టి చెప్పింది. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 3లో ఉన్న భాగస్వామ్య సూత్రం కూడా బిడ్డ మాట వినమనే అంటుంది.

అడగడంతో పాటు కొన్ని వద్దని కూడా చెప్పాలి, ఇవి తేలిగ్గా తీసుకునే విషయాలు కావు.

దయచేసి ఎవరూ బొమ్మలకు జాతకం చెప్పొద్దు. నల్లరంగు వాడితే డిప్రెషన్, ఇంటికి కిటికీ లేకపోతే ఒంటరితనం, చెట్టుకు తొర్ర ఉంటే పాత గాయం అంటూ వాట్సాప్‌లో తిరిగే పట్టికలు చూసి నివేదికలు రాసినవాళ్ళు నాకు తెలుసు. ఇల్లు, చెట్టు, మనిషి గీయించే పరీక్ష 1948లో జాన్ బక్ అనే సైకాలజిస్టు తెచ్చింది. శిక్షణ ఉన్నవాళ్ళు కూడా దాన్ని మిగతా సమాచారంతో కలిపే చూడాలి, ఒక్క బొమ్మతో తేల్చేది ఏమీ లేదు. నలుగురు పంచుకునే క్రేయాన్ డబ్బాలో వారం తిరిగేసరికి ఎరుపు, ఆకుపచ్చ అరిగిపోతాయి. బిడ్డ నలుపు వాడింది అంటే చాలాసార్లు నలుపే మిగిలింది అని అర్థం. బొమ్మను అడిగే కంటే బిడ్డను "దీని గురించి చెప్తావా?" అని అడగండి. చెప్పకపోతే వదిలేయండి.

బొమ్మ వేస్తూ బిడ్డ తనపై జరిగిన లైంగిక దాడి గురించి బయటపెట్టిందనుకోండి. అక్కడ ఇష్టాయిష్టాలు లేవు. 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. అందుకే మొదటి రోజే పిల్లలకు అర్థమయ్యేలా చెప్తాను: "ఇక్కడ నువ్వు వేసింది, చెప్పింది నేను ఎవరికీ చెప్పను. నీకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే మాత్రం సాయం చేయగలిగినవాళ్ళకు చెప్తాను. చెప్పేముందు నీకు చెప్తాను." బిడ్డ నోరు విప్పాక గుచ్చి గుచ్చి అడగడం, మళ్ళీ బొమ్మ వేసి చూపించమనడం ఎవరూ చేయకూడదు. విచారణ చేయాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. ఈ గంటను సాక్ష్యం సేకరించే గంటగా మారిస్తే మర్నాటి నుంచి ఏ బిడ్డా మనసు విప్పి గీయదు.

ప్రదర్శనలు మానేయండి. ఒక హోమ్‌లో నోటీసు బోర్డు మీద ఒక బాబు వేసిన బొమ్మ పెట్టి, కింద స్కెచ్ పెన్నుతో 'తండ్రి కొడుతున్న దృశ్యం' అని రాసి, పేరు, తరగతి, ఊరు కూడా వేశారు. వచ్చిన దాతలందరూ దాని ముందు నిలబడి అయ్యో అన్నారు. ఆ బాబు ఆ బోర్డు ముందు నుంచే రోజూ అన్నానికి వెళ్ళాలి. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఇలాంటి పిల్లల పేరు, ఊరు, బడి, గుర్తుపట్టేలా చేసే ఏ వివరాన్నీ ప్రచురించకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఫేస్‌బుక్ పోస్టూ, దాతలకు పంపే బ్రోచరూ దీనికి మినహాయింపు అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. బొమ్మ మీద పేరు ఉండాలి, అది బిడ్డ రాసుకున్నదై, కాగితం వెనకవైపు ఉండాలి.

ఇంకో మాట. బొమ్మలు వేస్తే అన్నీ నయమవుతాయని నేను చెప్పడం లేదు. ఈ రంగంలో పరిశోధనలు ఉన్నాయి గానీ ఎక్కువగా చిన్న చిన్న సమూహాల మీద చేసినవి. నిద్ర పట్టని, తనను తాను గాయపరుచుకునే, చనిపోతానని అనే బిడ్డకు సైకియాట్రిస్టు కావాలి, క్రేయాన్ డబ్బా సరిపోదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎప్పుడు ఆగి పైకి పంపాలో తెలియడమే ఈ పని చేసేవాళ్ళకు మొదట నేర్పాల్సింది.

ఎవరు చేస్తారు అన్న ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. శిక్షణ పొందిన ఆర్ట్ థెరపిస్టులు మన జిల్లాల్లో దొరకరు, వాళ్ళ కోసం ఎదురుచూస్తే ఈ పిల్లలు పెద్దవాళ్ళైపోతారు. ఉన్నవాళ్ళతోనే మొదలుపెట్టాలి. ప్రతి జిల్లాలో ప్రభుత్వ బళ్ళ డ్రాయింగ్ టీచర్లు ఉన్నారు, సమగ్ర శిక్ష కింద పనిచేసే పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు, మీ విభాగాల్లో కౌన్సెలర్లు ఉన్నారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ సాయంతో 2020 నుంచి నడుస్తున్న 'సంవాద్' సరిగ్గా ఇలాంటి పిల్లలతో పనిచేసేవాళ్ళకే శిక్షణ ఇస్తుంది. వాళ్ళ సామగ్రిలో ఆటలు, బొమ్మలు, కథలతో చేసే పనులు బోలెడు ఉన్నాయి. మన రెండు రాష్ట్రాలూ అడిగి, తెలుగులోకి తెప్పించుకుని, జిల్లాకు ఇద్దరిని పంపితే ప్రారంభానికి చాలు. ఆ ఇద్దరి మీద ప్రతి నెలా ఒక సైకాలజిస్టు పర్యవేక్షణ ఉండాలి. ఆ పర్యవేక్షణ లేకుండా నడిపితే నేనే వద్దంటాను.

ఒకే మనిషి అని ఎందుకు అంటున్నానంటే, ఈ పిల్లల జీవితంలో వచ్చి వెళ్ళేవాళ్ళకు కొదవ లేదు. పుట్టినరోజు కేకు, బిర్యానీ ప్యాకెట్లు పట్టుకుని వచ్చి పాట పాడి వెళ్ళేవాళ్ళున్నారు. ఇంటర్న్‌షిప్ నెలలో అక్కా అని పిలిపించుకుని సర్టిఫికెట్ రాగానే మాయమయ్యేవాళ్ళున్నారు. కనీసం ఏడాది ఉండగలిగినవాళ్ళకే ఈ పని ఇవ్వండి. చుట్టుపక్కల చేర్యాల మాస్కులు చేసే కళాకారులో, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల పనివాళ్ళో ఉంటే పిలిచి చేతిపని నేర్పించండి, చాలా మంచిది, పెద్ద పిల్లలకు రేపు ఉపాధి కూడా కావచ్చు. దాన్ని వేరే గంటలో పెట్టండి. చేతిపనిలో బాగా రావడం ముఖ్యం. నేను అడిగే గంటలో బాగా రావడం ఎవరికీ అవసరం లేదు.

డబ్బు గురించి పెద్దగా రాయను. కాగితం, క్రేయాన్లు, చార్టులు, ఒక మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె కలిపి నా అంచనాలో బిడ్డకు ఏడాదికి వెయ్యి రూపాయలు దాటదు. కుటుంబానికి ఇచ్చే 4,000లో మాత్రం కోత పెట్టకండి. టీచరుకి దారి ఖర్చులు ఇవ్వండి.

చివరిగా, బిడ్డ ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారే రోజు గురించి. ఫోస్టర్ కేర్ ముగుస్తుంది. కొందరు కన్నవాళ్ళ దగ్గరికి, కొందరు దత్తతకు, కొందరు మళ్ళీ హోమ్‌కి వెళ్తారు. చాలాసార్లు ముందురోజు సాయంత్రం చెప్తారు. వీలైన ప్రతిచోటా రెండు వారాల ముందు చెప్పండి, వీడ్కోలు కోసం రెండు గంటలు మిగలనివ్వండి. ఎవరికి ఏ బొమ్మ ఇవ్వాలి, ఏది తనతో తీసుకెళ్ళాలి, ఏది చించేయాలి అన్నది బిడ్డే నిర్ణయించుకుంటుంది. కొందరు కొన్ని బొమ్మలు చించేస్తారు. చించనివ్వాలి. మిగిలినవి పెట్టెలో పెట్టి, పెట్టె బిడ్డతోనే పంపాలి. బాలసదనం స్టోర్ రూముల్లో, పాత రిజిస్టర్ల కింద, వెళ్ళిపోయిన పిల్లల చార్టుల చుట్టలు నేను చూశాను. ఎవరివో చెప్పగలిగినవాళ్ళు కూడా అక్కడ లేరు.

బిడ్డను అప్పగించేటప్పుడు మీరు సంతకం చేసే కాగితంలో ఆధార్ కార్డు, మెడికల్ రికార్డు, టీసీ, బట్టలు అని వరసగా ఉంటాయి. వాటి కింద 'బొమ్మల పెట్టె, నా పుస్తకం' అని ఇంకో వరస చేర్చండి. దీనికి జీవో అక్కర్లేదు, మీ సమితి తీర్మానం చాలు. వచ్చే సమావేశం ఎజెండాలో పెట్టి, ఏ నిర్ణయం తీసుకున్నా, కాదనుకున్నా సరే, కారణంతో సహా బహిరంగంగానే జవాబు ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల డ్రాయింగ్ టీచర్